గిటారునకు మన శ్రుతి

శ్రుతి తల్లి, లయ తండ్రి యని మన పెద్దలు చెప్పుదురు. గిటారు నేర్చుకొను బాలురలో ననేకులు వ్రేళ్ల నేర్పునకై పాటుపడుదురే గాని, తీగలను ఏ స్వరములకు బిగింపవలెనను ప్రశ్నను వేసికొనరు. పుస్తకములో నెట్లున్నదో యట్లు బిగించి ఊరకుందురు. ఆ బిగింపును మార్చి చూచుటకై మేము చేసిన ప్రయత్నమును, దానికి గల కారణమును ఈ పత్రిక చదువరులకు విన్నవింప దలచితిమి.

మేము ముగ్గురము. ఒకనిది జగిత్యాల, ఒకనిది కోరుట్ల, మూడవవానిది సిరిసిల్ల. ముగ్గురికిని గిటారు ఒక్కటే. గల్ఫు దేశమునుండి సెలవునకు వచ్చిన బంధు వొకరు దానిని తెచ్చియిచ్చిరి. ప్రార్థన కూటములలో పాటలకు తోడుగా దానిని వాయించుచుంటిమి. క్రొత్త పాటలకు సొంపుగానే యుండెను. కాని కీర్తనలు మొదలిడగానే ఒక సంగతి మా కంటబడెను: ముసలివారు పాడుట మానుచుండిరి.

ఆ కీర్తనలు వారికి పుస్తకము చూచి నేర్చినవి కావు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు భక్తకవులు వ్రాసిన పాటలు తెలుగు క్రైస్తవుల యిండ్లలో తల్లినుండి బిడ్డకు నోటిమాటగా వచ్చినవి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమున కీర్తనలకు రాగతాళములు అచ్చువేయబడి యున్నవి. కాని అచ్చులో నున్నది రాగము పేరు మాత్రమే. రాగము వారి గొంతులలో నున్నది. ఆ గొంతులు మూతపడినచో దానిని మాకు నేర్పువా రెవరు? ఈ యాలోచనయే మమ్ము నిలువనీయలేదు.

కారణము వెదకితిమి. గిటారు వాడుక శ్రుతిలో లావు తీగ మొదలు సన్నతీగ వరకు ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ అను స్వరములు వరుసగా నుండును. మూడు నాలుగు స్వరములను ఒక్కసారిగా పలికించు కార్డులకు ఈ యమరిక మిక్కిలి యనుకూలము. అయితే సామాన్యముగా వాయించు కార్డులో షడ్జ పంచమములతో పాటు గాంధారము గూడ నుండును. అది హెచ్చు గాంధారమో, తగ్గు గాంధారమో వాయించువాడు ముందే నిర్ణయించును; ఒకసారి పలికిన పిమ్మట అది కదలదు. మన రాగములలో నట్లు గాదు. ఆనందభైరవిలో ప్రధానముగా సాధారణ గాంధారము గలదు. అదియు నొకచోట నిలువక ఊగుచుండును. అవ్వ గొంతులో గాంధారము ఊయలవలె నూగుచుండగా, మా గిటారు వేరొక గాంధారమును మేకువలె పాతిపెట్టుచుండెను. రెండును పొసగనప్పుడు తప్పు తనదే యనుకొని యామె ఊరకుండెడిది.

తీగలను వదులు చేసి చూతమని మాలో నొకడనగా, కొందరు పెద్దలు వారించిరి. గిటారు మెడ వంగునేమో యని వారి భయము. అప్పుడు సిరిసిల్లవాడు తమ యింటి మరమగ్గమును దృష్టాంతముగా జూపెను. పడుగు మితిమీరి బిగిసిన దారము తెగును. మితిమీరి వదలిన చిక్కుపడును. నేతగాడు బట్టనుబట్టి బిగువు సరిచూచుకొనును. తీగ విషయమును ఇంతే. తీగ స్వరమును రెండు మెట్లు దింపినచో దాని బిగువులో ఇంచుమించు అయిదవ వంతు తగ్గును. సెకనునకు 82 సార్లు కంపించు లావు తీగ 73 సార్లు కంపించును. మెడపై భారము తగ్గునే గాని హెచ్చదు. కాబట్టి తీగను ఉన్న స్థాయికంటె పైకి లాగరాదనియు, క్రిందికి మాత్రమే దింపవలెననియు నియమము చేసికొంటిమి.

మొదట లావు తీగ నొక్కదానిని ఈ నుండి డీకి దింపితిమి. డీని షడ్జముగా నెంచినచో క్రింది మూడు తీగలు స, ప, స యగును. వానిని మాత్రము మీటినప్పుడు తంబురా నాదమువంటి గంభీరధ్వని వచ్చెను. వీథులలో తంబురా మీటుచు కథలు చెప్పువారిని చిన్ననాటినుండి వినినవారము గావున ఆ ధ్వని మా చెవులకు క్రొత్తది కాదు. కాని పై మూడు తీగలు మ, ధ, రి అయి, అన్నిటిని గలిపి మీటినప్పుడు పొందిక చెడుచుండెను.

అంతట బీని ఏకును, సన్నతీగ యైన ఈని డీకిని దింపితిమి. ఇప్పుడు ఆరు తీగలును స, ప, స, మ, ప, స అయినవి. ఇందు గాంధారము లేనేలేదు. ఆ స్థానము ఖాళీగా నుండుటయే మాకు కావలసినది. అది పాడువాని సొత్తు. మోహనమునకు మాత్రము మధ్యమము వర్జ్యము గావున, మూడవ తీగను జీ నుండి ఒక మెట్టు దింపితిమి. అది యంతర గాంధారమై రాగమునకు సరిపడెను.

ఈ శ్రుతి మాకంటె ముందే లోకమున గలదని పిమ్మట తెలిసికొంటిమి. ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు డేవీ గ్రాహం మొరాకో దేశమునకు పోయి, అచ్చటి ఊద్ వాద్యకారులతో కలసి వాయించుటకై 1960 దశకపు తొలినాళ్లలో ఈ అమరికనే వాడుకలోనికి తెచ్చెను. అంతకు పూర్వమే 1830 ప్రాంతమున మెక్సికో పశుపాలకులు హవాయి దీవులకు గిటారును గొనిపోగా, అచ్చటివారు తమ పాటలకు తగినట్లు తీగలను వదులు చేసికొని, ఆ పద్ధతికి ‘వదులు చేయుట’ యను నర్థము గల పేరే పెట్టిరి.

మన దేశమున వయొలిను చరిత్రయు నిట్టిదే. పాశ్చాత్యులు దానిని జీ, డీ, ఏ, ఈ స్వరములకు బిగింతురు. బాలుస్వామి దీక్షితులు (1786–1858) మొదలగువారు దానిని మన సంగీతమునకు దెచ్చినమీదట అది స, ప, స, ప శ్రుతికి మారినది. వీణకును ప్రధాన తంత్రుల శ్రుతి యిదియే గదా. అట్లు మారినందువలననే ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) చేతిలో ఆ పరదేశపు పెట్టె తెలుగువారి సొంత వాద్య మైనది. పాలకొల్లున 1969లో జన్మించిన శ్రీనివాస్‌గారు జంటతీగల మాండొలినును అయిదు ఒంటితీగల విద్యుద్వాద్యముగా మార్చుకొని కర్ణాటక సంగీతమును పలికించిరి. వాద్యము ఎచ్చటినుండి వచ్చినదను దానికంటె, వచ్చిన పిదప నెవరి శ్రుతిని వినినదను మాట ముఖ్యమని వీరిని జూచి గ్రహించితిమి.

మాలో కోరుట్లవాని నాయనమ్మ యెదుట మా శ్రుతిని పరీక్షించితిమి. ఆమె గొంతునకు డీ తగ్గుస్థాయి గావున మూడవ మెట్టుపై కేపో బిగించి, కార్డులు విడిచి, షడ్జ పంచమములను మాత్రము మెల్లగా మీటుచు కూర్చుంటిమి. ఆమె కొంతసేపు వినెను. పిమ్మట మేమడుగకయే ఆనందభైరవిలో నొక కీర్తన నెత్తుకొని చరణములన్నియు పాడి, “ఇగో, ఇప్పుడు నా పాట నాకు దొర్కింది బిడ్డా” అనెను. మాకు అంతకంటె నే బహుమానమును వలదనిపించెను.

ఈ శ్రుతియే శ్రేష్ఠమనియు, వాడుక శ్రుతిని విడువవలెననియు మా యభిప్రాయము కాదు. పాశ్చాత్యపు మెట్లతో గూడిన పాటలలో కార్డులు వెంటవెంటనే మారును. వానికి వాడుక శ్రుతియే తగినది. మేమును ఆ పాటలకు మరల దానినే బిగింతుము.

ప్రయత్నింప దలచు తమ్ములకు రెండు మాటలు. ఒక తీగను మార్చినప్పుడు మిగిలినవి కొంచెము కదలును. కావున ఆరింటిని రెండుసార్లు సరిచూడవలెను. షడ్జ పంచమములు కలియునప్పుడు చెవిని దగ్గరగా బెట్టినచో అలలవంటి కదలిక వినబడును. బిరడను మెల్లగా త్రిప్పగా అలలు నెమ్మదించి యడగిన చోటనే శ్రుతి కుదిరినట్లు. బాగుగా వదులైన తీగ మెట్లకు తగిలి జీరవోవును గనుక దానిని మృదువుగా మీటవలెను.

ఇట్లు ఆ యవ్వవద్ద మేమింతవరకు పదునాలుగు కీర్తనలు నేర్చితిమి. ఆమెకు వచ్చినవి ఇంకను ననేకములు గలవు. ఆదివారము సాయంకాలమున నామె యరుగుపై చోటు చాలినంత యున్నది. నేర్వగోరువారు మాతో రావచ్చును.