ఎత్తిపోతల వనభోజనం

మాచర్లలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ కార్తీకం రాగానే ఎత్తిపోతలకు బయలుదేరేవాళ్ళం. సగం దూరం బస్సు, సగం నడక. మిగిలిన చార్జీ డబ్బులతో బియ్యం, వంకాయలు కొనేవాళ్ళం. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటది. తమ్ముళ్ళూ, కింది మడుగులో మొసళ్ళుంటాయి, దిగకండి!

మా ఊళ్ళల్లో వనభోజనాలు కులానికొకటి. హాస్టలు పిల్లలకు ఏ తోట నుంచీ పిలుపు రాదు. అందుకే మా వంట మేమే వండుకున్నాం. కాలేజీ మిత్రులూ వచ్చారు. మొదటి ఏడు అందరం ఒకే గిన్నెలోది తిన్నాక ఒకడు మెల్లగా, "మా ఇంట్లో చెప్పకండిరా" అన్నాడు. తిరుగుదారిలో ఎవరం మాట్లాడలేదు.

మరుసటి ఏడు వాడే గోంగూర పచ్చడి సీసా తెచ్చాడు.

"అమ్మ మీకందరికీ పెట్టమంది."

సీసా ఖాళీ అయ్యేదాకా ఎవరం లేవలేదు.