నొప్పి లేదుగా... అనుకోవద్దు!

నొప్పి పుడితేగానీ పళ్ల డాక్టరు గుర్తుకురాడు. మన ఇళ్లలో ఇది మామూలే. చెంప కాస్త ఉబ్బినట్టున్నా సరే, పిల్లాడు 'నొప్పేం లేదమ్మా' అంటే చాలు... హమ్మయ్య అనుకుంటారు పెద్దవాళ్లు. దవడలో పెరిగే గడ్డల విషయంలో ఆ 'హమ్మయ్యే' మోసం చేస్తుంది.

చెన్నైలో ఓ పిల్లాడి సంగతే తీసుకోండి. వాడికి మూడేళ్లున్నప్పుడు కుడివైపు కింది దవడ వాచినట్టు అమ్మానాన్నలు గమనించారు. వాపు చిన్నదే. పైగా పరీక్ష చేద్దామంటే వాడు ససేమిరా అన్నాడు. ఏళ్లు గడిచాయి. వాపు పెరిగింది. చివరికి ఏడేళ్ల వయసులో, 2019లో, అక్కడి సవీత డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీశారు. దవడలో ఓ సంచి... దాని నిండా పళ్లే! ఆపరేషన్ చేసి తీసి లెక్కపెడితే 526 తేలాయి. అది క్యాన్సర్ కాదు. 'కాంపౌండ్ ఒడాంటోమా' అనే గడ్డ. దవడ పక్కలు పగలగొట్టకుండా పైనుంచే దాన్ని తీసేశారు. పిల్లాడికి 21 పళ్లు మిగిలాయి.

ఇంతకీ ఎక్స్‌రేలో డాక్టర్లు ఏం చూస్తారు? ముందుగా అంచు. ఎముక తెల్లగా, అది కరిగిన చోటు నల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ కాని గడ్డకు సాధారణంగా పెన్సిలుతో గీసినట్టు స్పష్టమైన అంచు ఉంటుంది. నెమ్మదిగా పెరుగుతూ పళ్లను పక్కకు నెడుతుంది, ఎముకను ఉబ్బిస్తుంది. అదే అంచు చెదపట్టిన చెక్కలా ఉందా... క్యాన్సరో, ఎముకకు పట్టిన ఇన్‌ఫెక్షనో అని అనుమానించాల్సిందే.

ఒడాంటోమా అయితే సన్నటి నల్లని వలయం మధ్య చిట్టిచిట్టి తెల్లని పళ్ల గుంపు కనిపిస్తుంది. రావలసిన పన్ను ఎందుకు రాలేదా అని ఎక్స్‌రే తీస్తే, దారికి అడ్డంగా ఇది కూర్చుని ఉంటుంది!

అమెలోబ్లాస్టోమా తీరు వేరు. ఎక్కువగా కింది దవడలో, జ్ఞానదంతాల వైపు వస్తుంది. ఎక్స్‌రేలో సబ్బు బుడగల్లానో, తేనెపట్టు గదుల్లానో ఉంటుంది. పక్కనున్న పళ్ల వేర్లు కోసేసినట్టు పొట్టిగా మారొచ్చు. క్యాన్సర్ కాదు కదా అని వదిలేస్తే దవడనే తినేస్తుంది. గోకి తీస్తే మళ్లీ రావచ్చు. అందుకే చాలాసార్లు చుట్టూ ఉన్న మంచి ఎముకను కూడా కొంత తీయాల్సి వస్తుంది. ఎంత ముందుగా కనిపెడితే అంత దవడ దక్కుతుంది.

అయితే ఎక్స్‌రే ఒక్కటే తీర్పు కాదు. నీటితిత్తులూ అచ్చం ఇలాగే కనిపించొచ్చు. చాలాసార్లు అసలు సంగతి తేల్చేది ముక్క పరీక్షే.

పాలపన్ను ఊడి చాన్నాళ్లయినా కొత్తది రాకపోయినా, దవడ ఒకవైపు ఎత్తుగా అనిపించినా, దెబ్బ తగలకుండానే పన్ను కదులుతున్నా డాక్టరుకు చూపించండి. పైదవడ, కింది దవడ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే అవసరమో కాదో ఆయనే చెబుతారు. 'నొప్పి ఉందా?' అని అడగడం మంచిదే. దాంతోపాటు 'ఈ వాపు ఎన్నాళ్ల నుంచి ఉంది?' అని కూడా అడగాలి.