మేడారమునకు బండి కట్టుట

ఓరుగల్లు సీమలో రెండేండ్లకొకమారు, మాఘమాసము రాకముందే, పల్లెయిండ్ల ముంగిళ్లలో ఒక సందడి పుట్టును. కొట్టములో మూలబడియున్న బండి వెలుపలికి వచ్చును. సమ్మక్క సారలమ్మల జాతర దగ్గఱపడినదని దానిని చూచియే తెలిసికొనవచ్చును. ఇప్పుడు ఆర్టీసీవారు జాతరకు వేలకొలది బస్సులు నడుపుచున్నారు. హనుమకొండనుండి సుమారు నూఱు కిలోమీటర్ల దారి, కొన్ని గంటలలో ముగియును. అయినను ఎడ్లబండి కట్టుకొనియే పోవు సంసారములు ఇంకను గలవు. ఎడ్లు దినమునకు పాతిక ముప్పది కిలోమీటర్లకు మించి నడువజాలవు గనుక, పోవుటకే నాలుగు దినములు; అచ్చట నాలుగు, తిరిగి వచ్చుటకు నాలుగు.

కాకినాడ చెంతనున్న కోరంగిలో తెరచాప ఓడలు కట్టి సముద్రము దాటిన మనవారు రేవు విడువకమున్నే కలపను, త్రాళ్లను, మంచినీటిని సరిచూచుకొనెడివారు. పసర దాటి అడవిదారి పట్టు బండికిని ఆ న్యాయమే. నడిదారిలో ఇరుసు విఱిగిన వడ్రంగి యెక్కడ దొరకును?

ఎండకు చక్రముల కలప కుదించుకొనిపోయి ఇనుపపట్టా వదులగును. కొన్నిదినములు ముందుగా చక్రములను బాగుగా తడుపుచు వచ్చినయెడల కలప ఉబ్బి పట్టా బిగియును. అప్పటికిని కదలుచున్నచో కమ్మరి దానిని ఊడదీసి, మంటలో ఎఱ్ఱగా కాల్చి, మరల తొడిగి నీళ్లు పోయవలసినదే. ఇరుసునకు కందెన కావలయును. కాల్చిన గడ్డిమసిని ఆముదములో కలిపి, వెదురుగొట్టములో నింపి, బండిక్రింద వ్రేలాడగట్టుదురు. ఎడ్ల కాళ్లకు క్రొత్త లాడములు వేయింతురు. అదనముగా కడచీల యొకటి, పలుపులు రెండు ఉంచుకొందురు. పైన వెదురుబద్దలు వంచి గూడు కట్టి టార్పాలిను కప్పుదురు.

ఇంతవఱకు మగవారి పని. బండి యెంత బరువు మోయవలెనో నిర్ణయించునది ఇల్లాలు.

మేడారములో బంగారమనగా బెల్లమని సోదరీమణులు వినియే యుందురు. బిడ్డకు జబ్బు చేసిననాడు తల్లి నిలువెత్తు బంగారము మ్రొక్కుకొనును. అనగా బిడ్డతో సరితూగిన బెల్లము. జాతర రెండేండ్లకొకమారు గదా! మ్రొక్కిననాడు పది కిలోలున్న పసివాడు చెల్లించునాటికి పదునాలుగు కిలోలు తూగును. పెరిగిన ఆ నాలుగు కిలోలకు విసుగుకొన్న తల్లిని నేనెన్నడును చూడలేదు. తీరా ఆ బెల్లమును బండిలోనికెక్కించినపుడు మఱియొకటి దింపక తప్పదు. గడ్డి తగ్గింతమన్న ఎడ్లు నడువవు. నీళ్లు తగ్గింతమన్న పిల్లలున్నారు. బియ్యము తగ్గింతమన్న దారిలో కలియు చుట్టములున్నారు. కడపట తగ్గునవి మన చీరలే!

సంక్రాంతికి వండిన సకినాలు ఈ ప్రయాణమునకు మిగిల్చి యుంచుట తెలివిగల యిల్లాండ్ర వాడుక. అవి పక్షము దినములైనను చెడవు. జొన్నరొట్టెలు మొదటి రెండు దినములకు చాలును. పిదప చెట్లక్రింద మూడు రాళ్ల పొయ్యి. పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ, ఒడిబియ్యము ఒక మూటగా కట్టి ఎవరి కాలు తగులని చోట పెట్టుదురు. మ్రొక్కు కోళ్లు గంపక్రింద కూయుచునే వచ్చును. బెల్లమునకు చీమల భయము, మంచు భయము గలవు గనుక దానిని గోనెలో చుట్టి బండి నడుమ నుంచవలెను. చిన్నపిల్లల అంగీలలో తండ్రి ఫోను సంఖ్య వ్రాసిన చీటి కుట్టివేయుట మంచిది. గద్దెలవద్ద జనసమ్మర్దములో చేయి జారిన బిడ్డను వెదకుట బ్రహ్మతరము కాదు. నెలలు నిండని శిశువును ఇంటనే యుంచి మఱుసటి జాతరకు తీసికొనిపోవుట మేలని నా అభిప్రాయము; ముసలివారు దీనికొప్పుకొనరు.

ములుగు చేరుటకు ముందు గట్టమ్మతల్లికి కొబ్బరికాయ కొట్టనిదే బండి ముందుకు సాగదు. పసర, నార్లాపురముల మీదుగా పోగా చెట్లు చిక్కనగును. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, 2019 నుండి ములుగు జిల్లాకు చెందిన మేడారము చిన్న కోయపల్లె. 1996లో ప్రభుత్వము ఈ జాతరను రాష్ట్రపండుగగా ప్రకటించినది. మాఘపూర్ణిమకు సమీపమున బుధవారమునాడు కన్నెపల్లినుండి సారలమ్మను, గురువారమునాడు చిలకలగుట్టనుండి కుంకుమభరిణె రూపమున సమ్మక్కను కోయ పూజారులు గద్దెలకు తెత్తురు. శుక్రవారము మ్రొక్కులు. శనివారము తల్లులు మరల అడవికి పోవుదురు. 2024లో ఇది ఫిబ్రవరి 21 మొదలు 24 వఱకు జరిగినది. విగ్రహము లేదు. కాకతీయుల సైన్యముతో పోరాడిన తల్లీబిడ్డలని కథ. సమ్మక్క కొడుకు జంపన్న పడిన సంపెంగవాగు అతని పేరనే జంపన్నవాగైనది. దానిలో మునిగినగాని గద్దెలకు పోరు.

వాగుటిసుకలో చక్రములు దిగబడును. అందఱును దిగి నడువవలెను, అవ్వ సైతము. బెల్లము మాత్రము దిగదు.

తిరుగుప్రయాణమున బండి తేలికయగును. గద్దెలకడనుండి తెచ్చిన ప్రసాదపు బెల్లము పిడికెడే. అయినను ఊరిలో ఇంటింటికి పంచవలసినది గనుక ఇల్లాలు దానిని కొంగున ముడివేసికొని కూర్చుండును. ఇల్లు చేరిన పిదప ఎడ్లకు వారము దినములు కాడి పెట్టరు. చక్రములు ఊడదీసి, ఇరుసు తుడిచి, కందెనగొట్టమును చూరున చెక్కుదురు.