ఎర్రకుండ, నల్లకుండ

పిల్లలూ, సికిందరాబాదుకు ఈశాన్యంగా నేరేడ్‌మెట్ ఉన్నది. ఇప్పుడక్కడ మేడలు కిక్కిరిసి ఉన్నాయి గాని, వాటి నడుమ పెద్ద పెద్ద రాతిగుండ్లు ఏనుగులు పడుకున్నట్టు అక్కడక్కడ ఇంకా కనిపిస్తాయి. ఉద్యోగం చాలించిన తరువాత నేను ఆ దాపునే ఉంటున్నాను. మొన్న వేసవిలో పదేళ్ల మా మనుమరాలిని వెంటబెట్టుకొని రంజను కొనడానికి బయలుదేరాను. మంచినీళ్ల కుండను ఇక్కడ రంజను అంటారు.

బాట పక్కన ఒక అవ్వ కుండలు పేర్చుకొని కూర్చున్నది. ఒక వరుసలో ఎర్రవి, మరొక వరుసలో నల్లవి.

"తాతయ్యా, నల్లవాటికి రంగు పూశారా?" అని మనుమరాలు అడిగింది.

"లేదమ్మా. అవి నల్లమట్టితో చేసినవి, ఇవి ఎర్రమట్టితో చేసినవి" అని తడుముకోకుండా చెప్పాను. ముప్పైఅయిదేళ్లు పాఠాలు చెప్పిన నోరు గదా!

అవ్వ పకపకా నవ్వింది. "సారూ, రెండూ ఒక్క మన్నే. ఒక్క సారె మీదనే చేసినం. నమ్మకుంటే ఆవం కాల్చేనాడు వచ్చి చూడుండ్రి" అన్నది.

నాకు సిగ్గు వేసింది. అయినా తెలియనిది తెలుసుకోవడానికి సిగ్గుపడితే ఎలా? అవ్వ చెప్పిన రోజున ఇద్దరమూ వాళ్ల ఇంటికి వెళ్లాము.

ముందుగా ఆ మన్ను ఎలా పుట్టిందో చెబుతాను. మన రాతిగుండ్లు గ్రానైటు రాళ్లు. వాటిలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం మొదలైన ఖనిజాలు ఉంటాయి. వేలాది ఏళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి ఆ రాయి శిథిలమవుతుంది. అప్పుడు ఫెల్డ్‌స్పార్ బంకమన్నుగా మారుతుంది. నల్ల ఖనిజాలలోని ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలిసి తుప్పు అవుతుంది. ఇదే ఐరన్ ఆక్సైడు. వానలు ఈ రెండింటినీ కొట్టుకొనివచ్చి చెరువులో చేరుస్తాయి. కుమ్మరి తవ్వుకొనే చెరువుమన్నులో ఇనుము ఉండడానికి కారణం ఇదే.

మేము వెళ్లేసరికి అవ్వ కొడుకు ఆవం పేరుస్తున్నాడు. ఎండిన కుండల మధ్య కట్టెలు, పిడకలు పెట్టి, పైన గడ్డి పరిచి మట్టితో మెత్తాడు. మా పిల్ల తాను చేసిన ప్రమిదలు రెండు తెచ్చింది. ఎండలో బాగా ఎండాయి గదా అని ఒకదానిని నీళ్లలో వేసి చూచింది. కాసేపటికి అది బురదైపోయింది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకున్నది.

"ఏడ్వకు బిడ్డా, రెండోదాన్ని మంటల పెడ్దాం" అని అతడు దానిని ఆవంలో ఒక మూల ఉంచాడు.

ఎండ మట్టిలోని తడిని మాత్రమే తీసివేస్తుంది. కాని బంకమన్ను రేణువులలో అంతర్భాగంగా మరికొంత నీరు ఉంటుంది. అది పోవాలంటే 450 నుంచి 600 సెంటిగ్రేడు డిగ్రీల సెగ కావాలి. అది పోయిన తరువాత ఆ మట్టి ఇక బురద కాదు. ఆవంలో సెగ సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వేడికి రేణువులు అంచుల దగ్గర మాత్రమే అతుక్కుంటాయి. మధ్యలో సన్నని సందులు మిగిలిపోతాయి.

ఇది లోపమని అనుకోకండి. ఆ సందుల గుండా నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి, ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని తీసుకొనిపోతుంది. రంజనులో నీళ్లు చల్లబడేది అందువల్లనే. పింగాణీని సుమారు 1300 డిగ్రీలలో కాలుస్తారు. అందులో కొంతభాగం గాజులా కరిగి సందులను పూడ్చివేస్తుంది. కనుక పింగాణీ కూజాలో నీళ్లు అలా చల్లబడవు. పింగాణీకి ఇనుము దాదాపు లేని తెల్లమన్ను కావాలి. ఇనుప ఆక్సైడు ఉన్న మన్ను త్వరగా మెత్తబడుతుంది. మన ఎర్రమన్నును అంత సెగలో పెడితే కుండ ఉబ్బి, వంగి, కూలిపోతుంది.

ఇక రంగు సంగతి. ఆవంలోకి గాలి బాగా ఆడితే ఇనుముకు కావలసినంత ఆమ్లజని దొరికి కుండ ఎర్రబడుతుంది. నల్లకుండలు కావాలంటే చివరలో ఊక, పచ్చి ఆకులు వేసి, కంతలన్నీ మూసివేస్తారు. లోపల పొగ కమ్ముతుంది. గాలి చాలని ఆ మంట ఇనుప ఆక్సైడులోని ఆమ్లజనిని కొంత లాగివేస్తుంది. అప్పుడు ఎర్రని ఆక్సైడు నల్లని ఆక్సైడుగా మారుతుంది. పొగలోని మసి కూడా సందులలో చేరి ఇంకా నలుపెక్కిస్తుంది.

అవ్వ కొడుకు ఒక నల్లపెంకును నిప్పుల మీద, గాలి తగిలేచోట పెట్టించాడు. చాలాసేపటికి అది ఎర్రబారింది! మసి కాలిపోయింది, ఇనుము మళ్లీ ఆమ్లజనిని అందుకున్నది. నా పాఠం తప్పని ఆ పెంకు రుజువు చేసింది.

ఈ విద్య కొత్తది కాదు. నేరేడ్‌మెట్‌కు దగ్గరలోనే ఉన్న మౌలాలిలో ఇనుపయుగం నాటి రాతిగూళ్ల సమాధులు బయటపడ్డాయి. దక్షిణదేశంలో అటువంటి సమాధులలో లోపల నలుపు, వెలుపల ఎరుపు ఉన్న కుండలు తరచు దొరుకుతాయి. రెండువేల ఏళ్లకు పూర్వమే మనవారికి గాలిని, పొగను అదుపులో పెట్టడం తెలుసునన్నమాట.

ఇతర లోహాల ఆక్సైడులు ఇతర రంగులనిస్తాయి. గాజుపూతలో కోబాల్టు నీలం, రాగి ఆకుపచ్చ, తగరం తెలుపు ఇస్తాయి. హైదరాబాదు పాతబస్తీలో బాద్షాహీ ఆషూర్ఖానా గోడల మీద ఇటువంటి రంగుల పలకలు కుతుబ్‌షాహీల కాలం నుంచి మెరుస్తున్నాయి. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు పాడయ్యాయి గాని, పైవి వన్నె తగ్గలేదు.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. గాజుపూత తక్కువ సెగలోనే కరగడానికి కొందరు సీసం ఆక్సైడు కలుపుతారు. అటువంటి పాత్రలో చింతపండు పులుసు గాని, ఊరగాయ గాని పెడితే, పులుపుకు సీసం ఊడివచ్చి తిండిలో కలుస్తుంది. సీసం విషం, పిల్లలకు మరీ హానికరం. ఏ పూత అయినదీ తెలియని మెరుగుపాత్రలో పూలు పెట్టుకోండి, పులుసు పోయకండి.

మర్నాడు ఆవం విప్పారు. పిల్ల ప్రమిద ఎర్రగా కాలి, వేలితో తడితే ఖంగుమన్నది. దానిని నీళ్లలో వేసి, బురద కాలేదని గంతులు వేసింది. మేము ఒక ఎర్రకుండ, ఒక నల్లకుండ కొన్నాము. దారిలో పిల్ల, "తాతయ్యా, మరి మీ పాత విద్యార్థులకు ఈ సంగతి ఎవరు చెబుతారు?" అని అడిగింది.

అందుకే ఇది రాశాను.