కొండమీది మేడ, కింద ఒక చిన్న గది

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళు వాషింగ్టన్ చూడకుండా రారు కదా! అక్కడి నుంచి కారులో రెండున్నర గంటలు వెళితే వర్జీనియాలోని షార్లట్స్‌విల్ వస్తుంది. ఊరి పక్కన కొండమీద మాంటిచెల్లో అనే అందమైన మేడ. అమెరికా ఐదు సెంట్ల నాణెం వెనక కనిపించేది ఈ మేడే! మనుషులంతా సమానమేనని 1776లో రాసిన థామస్ జెఫర్సన్ ఇల్లు ఇది. అంత మాట రాసిన ఆయనకి జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలు ఉండేవారు.

మేడ చూశాక కింది భాగానికి రండి. రాగి గిన్నెలు, వరసగా పొయ్యిలు... ఆ వంటగది చూస్తే మీకు ముచ్చటేస్తుంది. ఈ ఇంటికి ఫ్రెంచి వంటలు నేర్చుకొచ్చిన బానిస జేమ్స్ హెమింగ్స్, ఆ విద్య తమ్ముడికి నేర్పాకే 1796లో స్వేచ్ఛ పొందాడు.

అదే వరసలోని ఒక గదిలో జేమ్స్ చెల్లెలు శాలీ కథ 2018 నుంచి చెబుతున్నారు. శాలీ తండ్రి ఎవరనుకున్నారు? జెఫర్సన్ మామగారే! అంటే ఆయన భార్యకి ఈమె సవతి చెల్లెలు. 1787లో, 14 ఏళ్ళ వయసులో, జెఫర్సన్ కూతురికి తోడుగా పారిస్ వెళ్ళింది. ఆయనకి అప్పుడు 44 ఏళ్ళు, భార్య పోయి ఐదేళ్ళు. ఫ్రాన్సులో అర్జీ పెట్టుకుంటే శాలీకి స్వేచ్ఛ దొరికేదే. కానీ పుట్టబోయే పిల్లల్ని 21 ఏళ్ళకి విడిచిపెడతానని ఆయన మాటిస్తే తిరిగొచ్చిందని కొడుకు మాడిసన్ 1873లో చెప్పాడు. తల్లి బానిసైతే బిడ్డా బానిసేనన్నది వర్జీనియాలో 1662 నుంచీ ఉన్న చట్టం మరి! బతికి పెద్దవాళ్ళయిన నలుగురు పిల్లలూ స్వేచ్ఛ పొందారు. శాలీకి మాత్రం కాగితం మీద అది రానేలేదు.

దీన్ని ప్రేమ అనేవాళ్ళున్నారు, బలాత్కారం అనేవాళ్ళున్నారు. మీరే ఆలోచించండి. "వద్దు" అనే హక్కు చట్టంలోనే లేని ఆడపిల్ల "సరే" అంటే, అది ఇష్టమెలా అవుతుంది? అయినా చేతిలో ఏమీ లేని ఆ పిల్ల, తన బిడ్డల కోసం బేరమాడింది. అదీ నిజమే.

1998 నాటి డిఎన్ఏ పరీక్ష తరవాత, 2000లో ఆ మేడను నడిపే సంస్థ కూడా ఈ కథను ఒప్పుకుంది. శాలీ బొమ్మ ఒక్కటీ లేదు, ఆమె రాసిన అక్షరమూ లేదు. అందుకే గదిలో ఆమెను నీడగానే చూపిస్తారు. వెళ్ళినప్పుడు తోటలు చూసి వచ్చేయకండి, అక్కడా కాసేపు నిలబడండి.