నాలుగు చేదు బాదంపప్పులు

ఇటలీ మిఠాయి అనగానే మనవాళ్ళు ముందు తిరామిసు పేరే చెప్తారు. రుచిలో దానికి వంక పెట్టను. కానీ అది త్రెవీజో పట్టణంలో ఒక రెస్టారెంటు వాళ్ళు 1970ల్లో మెనూలో పెట్టాక పేరుకెక్కిన వంటకం. తరాలుగా ఇళ్ళలో చేసుకుంటున్న తీపి కావాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి. నేను ఉండేది బొలోన్యాలో గనక నాకు దగ్గరైంది తోర్తా ది రీజో, బియ్యంతో చేసే కేకు. పాలల్లో బియ్యం ఉడికించడంతో మొదలయ్యే వంట తెలుగువాళ్ళకి పరాయిదెలా అవుతుంది?

నేను చూసి చేసేది పెల్లెగ్రీనో అర్తూజీ పుస్తకం. ఆయన వృత్తికి వ్యాపారి. డెబ్భై ఏళ్ళ వయసులో, 1891లో, ప్రచురించేవాళ్ళు ముందుకు రాకపోతే ఫ్లోరెన్స్‌లో సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నాడు. అప్పుడు అందులో 475 వంటలు. చదివిన ఇల్లాళ్ళు తమ ఇంటి పద్ధతులు ఉత్తరాల్లో రాసి పంపేవారు. ఇంట్లో వంట చేసే మరియెత్తా సబతీని, ఫ్రాంచెస్కో రుఫిల్లిల సాయంతో వాటిని చేయించి, రుచి చూసి, నచ్చినవి తర్వాతి ముద్రణల్లో కలుపుకుంటూ పోయాడు. 1911లో కన్నుమూసేనాటికి వంటలు 790 అయ్యాయి. పుస్తకం హక్కులు ఆ ఇద్దరికే రాసిపెట్టి వెళ్ళాడు. ఆ సంగతి తెలిశాక ఆ పుస్తకం మీద నా గౌరవం రెట్టింపైంది. అసలైన ఇటలీ వంట అంటూ మనం వెతికేది ఇన్ని వంటిళ్ళు కలిసి దిద్దుకున్నదే.

కేకుకి ఆయన చెప్పిన లెక్క ఇదీ: లీటరు పాలు, 200 గ్రాముల బియ్యం, 150 గ్రాముల పంచదార, 100 గ్రాముల బాదంపప్పు, అందులో నాలుగు చేదువి. దబ్బకాయ జాతి పండు తొక్కని పాకంలో ఊరబెట్టిన ముక్కలు 30 గ్రాములు. మూడు గుడ్లు, మరో అయిదు గుడ్ల పచ్చసొన, నిమ్మతొక్క, చిటికెడు ఉప్పు. ఇంత కచ్చితంగా తూచి చెప్పిన మనిషి ఓవెన్ వేడికి మాత్రం అంకె ఇవ్వలేదు. కట్టెల పొయ్యి కాలం అది. మా ఓవెన్‌లో 160, 170 డిగ్రీల మధ్య గంటసేపు పడుతుంది.

బియ్యం దగ్గర రాజీ పడకూడదు. మన సోనా మసూరి పొడిపొడిగా ఉండిపోతుంది. వెర్చెల్లి, నొవారా వైపు పొలాల్లో పండే పొట్టి గుండ్రటి బియ్యం కావాలి. దాన్ని కడగకూడదు, గంజి పోతే పట్టు పోతుంది. వెన్న తీయని పాలు పోసి సన్నని సెగ మీద కలుపుతూనే ఉండాలి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే, ఆ గీత కాసేపు నిలిచి మెల్లగా పూడుకోవాలి. వెంటనే పూడితే ఇంకా పాలున్నాయన్నమాట. దించాక పూర్తిగా చల్లారనిచ్చి గుడ్లు కలపాలి. వేడి మీద కలిపితే విరుగుతాయి. బాదం పొట్టు తీసి, రెండు చెంచాల పంచదారతో రోట్లో నూరాలి. ఆ పంచదారే బాదంనూనెని పీల్చుకుని ముద్దకట్టకుండా కాపాడుతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న రాతి రోలు నాకు ఇక్కడ పనికొచ్చింది.

ఇక ఆ నాలుగు చేదు బాదాలు. చక్కెర పొంగలిలో పచ్చకర్పూరం లాంటివి అవి. ఉన్నాయని తెలియాలి, పెరిగాయో వంట మొత్తం పాడు. ఎక్కువ తింటే విషం కూడా. అందుకే ఇప్పుడు చాలామంది వాటి బదులు అమరెత్తి బిస్కెట్లు పొడి చేసి వేస్తారు. నేను మాత్రం దొరికినంతకాలం నాలుగే, లెక్కపెట్టి వేస్తాను.

బొలోన్యాలో ఇది పండగ వంట. పదేళ్ళకోసారి పేట చర్చి ఉత్సవానికి కిటికీలకి రంగు గుడ్డలు వేలాడదీసి, వచ్చినవాళ్ళకి ఈ కేకు డైమండ్ ముక్కలుగా కోసి పెట్టేవారు. మా పక్కింటి సిన్యోరా కేకు వేడిగా ఉండగానే పుల్లతో గుచ్చి, బాదం లిక్కరు పోస్తుంది. "పుస్తకంలో లేదండీ" అంటే, "మా అమ్మ పోసేది" అంది. అర్తూజీ ఉంటే ఆ మాట కూడా రాసుకునేవాడు.

మర్నాటికి గానీ కోయకూడదు. రాత్రంతా ఉంటేనే ముక్క విరగకుండా వస్తుంది. పైన పంచదార పొడి వడ్డించేముందే చల్లాలి, లేకపోతే చెమ్మకి కరుగుతుంది. అమ్మ వచ్చినప్పుడు, "గుడ్లు మానేసి చెయ్యరాదూ?" అని అడిగింది. చెయ్యలేదు. గుడ్లు లేకపోతే అది నిలవదు, నిలిచినా ఆ పేరు పెట్టలేను. ఆ పూట అదే బియ్యం, అదే పాలతో అమ్మకి పరమాన్నం వండాను. గుండ్రటి బియ్యం పాలల్లో భలే కుదిరింది. అప్పట్నుంచి మా ఇంట్లో సంక్రాంతి పరమాన్నం వెర్చెల్లి బియ్యంతోనే.