పగడములకు నీరందించు పంపు

హూస్టను నగరమున మా మామయ్యగారి యింట ఉండి నేను చదువుకొనుచున్న దినములలో, వారి ముందు గదిలో నాలుగువందల లీటర్ల గాజుతొట్టి యొకటి యుండెడిది. అందు ఉప్పునీరు, ఆ నీటిలో ప్రాణముగల రాతి పగడములు. ఊదా కొనలుగల కొమ్మపగడ మొకటి వానిలో పెద్దది. బొటనవ్రేలంత ముక్కను పదునొకండు సంవత్సరములు సాకి, జానెడుకు మించి పెంచిరి. (మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001 నుండి రాతి పగడములకు రక్షణ కలదు. మన్నారు సింధుశాఖలోని పగడములను చూచి ఆనందింపవలసినదే కాని యింటికి తెచ్చుకొనరాదు.)

పగడము తన గూటిని సున్నపురాతితో కట్టుకొనును. సముద్రజలమున లీటరునకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియ ముండును గనుక అచ్చట కొదువలేదు. తొట్టిలోనో, కాల్షియమును కార్బనేటును దినదినము తరుగుచుండును. ఆ లోటు తీర్చునది కాల్షియం రియాక్టరు. చచ్చిన పగడపు ముక్కలు నింపిన గొట్టమది. అందు బొగ్గుపులుసు వాయువును వదలినచో నీటి పి.హెచ్. 6.6 ప్రాంతమునకు దిగి, ముక్కలు కరగును. ఆ నీరు బొట్టుబొట్టుగా తొట్టికి చేరును. ఆ నీటిని నడుపు చిన్న పంపును గూర్చియే నేను చెప్పబోవునది.

మొదట పెద్ద పంపునుండి చీల్చిన సన్నగొట్టమును, దానికొక నీడిల్ వాల్వును ఉండెను. నిమిషమునకు 40 మిల్లీలీటర్లు పారవలెను. సాయంకాలము సరిచేసినచో మరునాటికి 30, మూడవనాటికి 15! వాల్వు సందున సున్నము పేరుకొనుట దాని నైజము. విసిగి నేనే, “మామయ్యా, డోసింగు పంపులు చవుకగా దొరకుచున్నవి, అది వేయుదము” అంటిని.

“నిలుచునా?”

“నిలుచును.”

అది పెరిస్టాల్టిక్ పంపు. చిన్న చక్రములు మెత్తని గొట్టమును నొక్కుచు తిరుగగా, మన ప్రేగులలో ఆహారము కదలినట్లు నీరు ముందుకు సాగును. అడ్డుపడుటకు వాల్వు లేదు. పద్ధతి మంచిదే, నేను చూడనిది మోటారును, గొట్టమును. ఆ పంపు దినమునకు కొన్ని నిమిషములు తిరుగుటకు చేసినది. రియాక్టరునకు ఏడాదికి 8,760 గంటలు తిరుగవలెను.

2019 వేసవిలో మామయ్యగారును అత్తయ్యగారును హోసూరు వెళ్ళిరి. తొట్టి నాకప్పగించిరి. నాకు పరీక్షలు. నాలుగు దినములు తొట్టి క్రింది బీరువా తలుపు తెరువలేదు. ఐదవనాడు తెరచిచూడగా నేల తడిసియున్నది. గొట్టము చీలి, రియాక్టరునకు నీరందలేదు. వాయువు మాత్రము పోవుచునే యుండి, ముక్కలు బురదయైనవి. గాభరాపడి క్రొత్త గొట్టము వేసి, లోటంతయు ఒక్కనాడే తీర్పదలచి పంపును పూర్తివేగమున నడిపితిని. గొట్టము చీలుటకంటె ఇది పెద్ద తప్పు. ఆ పుల్లని చిక్కని నీరంతయు ఒక్కసారి తొట్టిలో పడెను. మూడవనాటికి ఊదాకొనలు తెల్లబారెను. పిమ్మట పైపొర ఊడిపోయెను.

మామయ్యగారు తిరిగివచ్చి తొట్టియెదుట చాలసేపు నిలిచి, “పంపు ధర యెంతరా?” అని మాత్రము అడిగిరి.

తరువాతి పంపును నేను నెలరోజులు వెదకితిని. ఎడతెగక నడువగలదని తయారుచేసినవారు వ్రాసియిత్తురా? మోటారులో అరిగిపోవు బ్రష్షు లున్నవా, లేక స్టెప్పరు మోటారా? గొట్టము విడిగా దొరకునా? పంపు శక్తి మన అవసరమునకు రెండు మూడింతలున్నచో నెమ్మదిగా తిరుగును, గొట్టము మన్నును. కరెంటు పోయి వచ్చినపుడు పాత వేగముననే మొదలగునా అనునది అన్నిటికంటె ముఖ్యమని నాకు తోచినది. హూస్టనులో గాలివానలు క్రొత్తగావు. ధర నాలుగింతలాయెను. నా జీతములో దాచినదే యిచ్చితిని, మామయ్యగారు వలదనలేదు.

దానిని రియాక్టరు వెలుపలి దారిన పెట్టి, నీటిని లోనికి త్రోయుటకు బదులు లాగునట్లు చేసితిమి. లోపల ఒత్తిడి యుండదు. పి.హెచ్. హద్దు దాటినచో వాయువు తానే ఆగునట్లు కంట్రోలరు నమర్చితిమి. ప్రతి ఆదివారము కొలగ్లాసు పట్టి ఒక నిమిషపు నీటిని కొలిచెదము. తగ్గినచో గొట్టము మార్చెదము.

ఎండిన ఆ కొమ్మపగడమును మామయ్యగారు కొంతకాలము బల్లమీద నుంచిరి. ఒక ఆదివారము దానిని ముక్కలుగా విరిచి, కడిగి, రియాక్టరులో వేసిరి.